కోత కావాలన్నవాళ్లు, వద్దన్నవాళ్లు, మధ్యలో నేను

ఇప్పటికీ మేడ మెట్లు ఎక్కే ముందు గోడ పట్టుకుని ఒక్క క్షణం ఆగుతాను. లోపల గుండె ఎలా ఉందో వినడానికి. అది బాగానే కొట్టుకుంటూ ఉంటుంది, అయినా నమ్మబుద్ధి కాదు. ఒకసారి మోసపోయిన కొట్టులో మళ్లీ సరుకు కొనాల్సి వచ్చినట్టు, ప్రతి చప్పుడూ తూచి చూసుకుంటున్నాను.

గండం గడిచిందని డాక్టర్లు అన్నారు. గండమైతే గడిచింది కానీ భయం అక్కడే కూర్చుంది. రాస్తే కొంచెం తగ్గుతుందేమోనని ఇది రాస్తున్నాను. నాలాగే గుండె నీరసించి, ఛాతీ కోయించుకోవాలా, స్టెంట్ వేయించుకోవాలా అని కొట్టుమిట్టాడుతున్నవాళ్లు ఎవరైనా చదువుతారన్న ఆశ కూడా ఉంది. నేను డాక్టర్ను కాను. పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్ సూపర్‌వైజర్ను. పేరు సుజాత. పటేల్‌గూడలో ఉంటాం. గోళీల పట్టీలు డబ్బాల్లో సరిగ్గా పడుతున్నాయా లేదా చూడటం నా పని. అవి ఎవరి ఒంట్లోకి పోతాయో ఎన్నడూ ఆలోచించలేదు.

ఆషాఢం

మా ఊరి పోచమ్మకు బోనం తీసే రోజు అది. మా అత్తమ్మ మోకాళ్లు అరిగిపోయినప్పటి నుంచి ఇంటి బోనం నేనే ఎత్తుతున్నాను. పొద్దున్నుంచీ ఉపవాసం. కొత్త కుండలో పరమాన్నం వండి, పసుపు కుంకుమలు పెట్టి, వేపమండలు చుట్టి, పైన దీపం వెలిగించి నెత్తిన పెట్టారు. కుండ బరువు నాకు కొత్త కాదు. కానీ వీధి మలుపు తిరిగేసరికి ఆ బరువు నెత్తి మీది నుంచి ఛాతీలోకి దిగినట్టు అనిపించింది. నొప్పి అని చెప్పలేను. ఎవరో లోపలి నుంచి గట్టిగా మూట కడుతున్నట్టు ఉంది. దవడ లాగింది. చీర మొత్తం చెమటతో తడిసి ఒంటికి అంటుకుంది.

"ఊపిరాడుతలేదు" అన్నాను. అన్నాననే అనుకుంటున్నాను. చుట్టూ డప్పులు మోగుతున్నాయి. నాకే నా గొంతు వినబడలేదు. కాళ్లు తేలిపోయి అటూ ఇటూ ఊగాను.

ఇక చూడండి. వెనకనున్న ఆడవాళ్లంతా ఒక్కసారిగా అరిచారు. అమ్మవారు ఒంటి మీదికి రావడాన్ని మా దగ్గర శిగం అంటారు. నాకు శిగమొచ్చిందని అనుకున్నారు. డప్పులు ఇంకా గట్టిగా మోగాయి. ఒకామె నా చేతిలో వేపకొమ్మ పెట్టింది. ఇంకొకామె ముఖాన పసుపు నీళ్లు కొట్టింది. పక్కింటి కోడలు మాత్రం నా ముఖం చూసి భయపడి కుండ దించబోయింది. అత్తమ్మ ఆమె చేయి పట్టుకుని ఆపింది.

"దించొద్దు! అమ్మ వచ్చినంక నడిమిట్ల దించుతరా? గుడి దాకా పోనియ్యిండ్రి."

ఇద్దరు రెండు చేతులూ పట్టుకుని నన్ను నడిపించారు. ఆ నడక ఎంత దూరమో నాకు తెలియదు. చచ్చిపోతున్నానని మాత్రం తెలుసు. ఇంతమంది మధ్యలో, ఇన్ని చేతులు నన్ను పట్టుకుని ఉండగా చచ్చిపోతున్నాను, ఒక్కరికీ తెలియడం లేదు. ఆ భయాన్ని మించిన భయం నేను తర్వాత ఆసుపత్రిలో కూడా పడలేదు.

గుడి ముందు కుండ దించాక కూలబడ్డాను. ఎవరో నా కాళ్ల మీద పడి, "తల్లీ, మా పొల్లకు సంబంధం ఎప్పుడు కుదుర్తది?" అని అడిగింది. నేను నోరు తెరిచి గాలి పీల్చుకుంటున్నాను. ఆమె దానికే దండం పెట్టింది.

శ్రావణం

తర్వాత కొన్నాళ్లు ఇంట్లో నాకు రాజభోగం. అత్తమ్మ నన్ను పని ముట్టుకోనివ్వలేదు. వీధిలో ఆడవాళ్లు వచ్చి చూసిపోయేవాళ్లు. నాకు మాత్రం పడుకుంటే ఊపిరి అందేది కాదు. దిండ్ల మీద దిండ్లు వేసుకుని కూర్చునే కునుకు తీసేదాన్ని. పాదాలు ఉబ్బాయి, చెప్పులు పట్టలేదు. ఉపవాసాల నీరసమని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అమ్మవారు వచ్చిన ఒళ్లు కదా, కుదుటపడటానికి టైం పడుతుందని అత్తమ్మ అంది. నాకూ అది నమ్మాలనే ఉండింది. నిజం చెప్పాలంటే, ఆ గౌరవం కూడా కొంచెం బాగానే అనిపించింది.

డ్యూటీలో లైను దగ్గర నిలబడలేక స్టూలు మీద కూలబడితే, తోటివాళ్లు కంపెనీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఆయన ఈసీజీ తీసి చూసి, మళ్లీ చూసి, కళ్లద్దాలు తీశాడు.

"అమ్మా, ఎటాక్ ఎప్పుడొచ్చింది?"

"నాకు ఏ ఎటాకూ రాలేదు సార్."

"వచ్చింది. కొన్ని వారాలైనట్టుంది. ఆ రోజేమైనా చెమటలు, ఆయాసం, దవడ లాగడం..."

డప్పులు చెవుల్లో మోగాయి. నాకు శిగం రాలేదని, అది గుండెపోటని ఆ స్టూలు మీదే తెలిసింది. ముందు భయం వేయలేదు, ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియని కోపం. భయం బయటికి వచ్చి ఆటో ఎక్కాక వేసింది. ముంబై రోడ్డు మీద లారీలు హారన్ కొట్టినప్పుడల్లా గుండె ఆగుతుందేమోనని చేత్తో పట్టుకుని కూర్చున్నాను.

ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ ఒప్పుకోలేదు.

"డాక్టర్లకు అమ్మ సంగతి ఏం దెల్సు? వచ్చింది అమ్మనే. ఆ తల్లి ఉండబట్టే నువ్వు బతికినవ్."

మా ఆయన యాదగిరి అంతవరకూ తల్లి ముందు గొంతు పెంచింది నేను చూడలేదు. "వచ్చింది ఎవలైనా గానీ, రేపు దవాఖానకు పోతున్నం" అన్నాడు. ఆయన పెద్ద ఇంజినీరింగ్ కంపెనీలో వెల్డరు. అప్పటికప్పుడే ఫోన్ చేసి డ్యూటీకి సెలవు చెప్పాడు.

భాద్రపదం

పెద్దాసుపత్రిలో మణికట్టు దగ్గర సన్నటి గొట్టం పెట్టి ఫొటోలు తీశారు. మూడు రక్తనాళాలూ మూసుకుపోయాయట. దానికి తోడు నాకు షుగరు. అంతకంటే పెద్ద మాట, గుండె కండరం దెబ్బతిని పంపింగ్ బాగా తగ్గిందన్నారు. సగం కూడా లేదట. గుండె బలంగా ఉంటే ఏది చేసినా తట్టుకుంటుంది, బలహీనపడిన గుండెకు ఏది చేయాలన్నా ఆలోచించాలి అని చెప్పి, "మీవాళ్లు మాట్లాడుకోండి" అన్నారు.

ఆ మాట వాళ్లు ఎందుకన్నారో గానీ, మావాళ్లు మాట్లాడుకోవడం మొదలుపెడితే ఇక తెమలదు. మా దగ్గర ఇలాంటివి తల్లిగారివాళ్లు, అత్తగారివాళ్లు కూర్చుని తేల్చాలి. కంది నుంచి మా తమ్ముడు శ్రీశైలం పొలం పని ఆపుకుని వచ్చాడు. పెళ్లయిన మా బిడ్డ జహీరాబాద్‌లో నెలల పిల్లతో ఉంది. అది ఫోన్‌లో ఏడవడం తప్ప ఏమీ చేయలేకపోయింది.

మా ఆయన స్టెంటే అన్నాడు. ఆయనతో పనిచేసిన ఒకాయన బైపాస్ బల్ల మీదే పోయాడు. "పొద్దుగాల నవ్వుకుంట లోపలికి పోయిండు. మల్ల రాలే. ఛాతీ కోసుడు మాటలా? ఉన్న గుండెనే కొట్టుకుంటలేదాయె" అనేవాడు. తమ్ముడు బైపాసే అన్నాడు. కందిలో వాడి పక్క చేను మనిషికి స్టెంట్లు వేస్తే మళ్లీ మూసుకుపోయి, రెండో ఎటాక్ వచ్చి, మంచాన పడ్డాడు. "గట్ల మంచంల ఉండుడుకన్న ఒక్కసారి కోసి కుట్టుకునుడే నయం బావా." ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్క మనిషి ఉన్నాడు. ఆ ఇద్దరు మనుషులూ నా మీద కొట్లాడుకుంటున్నారు. వాళ్లలో ఒక్కరికైనా నాలాంటి గుండే ఉందో లేదో ఎవరికీ తెలియదు.

ఇంకా విచిత్రం ఏమిటంటే, అంత గట్టిగా వాదించుకున్నాక ఇద్దరూ వెనక్కి తగ్గేవాళ్లు.

"నాదేముంది బావా, నీ ఇష్టం. నీ ఇంటి మనిషి."

"అట్ల గాదు బామ్మర్దీ. మీ అక్క. మీరు ఎట్లంటే గట్ల."

నాకు అర్థమైంది. నాకేమైనా అయితే, తల్లిగారివాళ్లు "మీరే స్టెంటన్నరు" అనకూడదు. అత్తగారివాళ్లు "మీరే కోయించిన్రు" అనకూడదు. నేను పోతే ఆ తప్పు ఎవరి గడప దగ్గర పడుతుందోనని ఇద్దరికీ భయం. ప్రేమ లేక కాదు. ప్రేమ ఉన్నందుకే ఆ భయం. కానీ నేను వార్డులో మంచం మీద, ఆక్సిజన్ గొట్టం ముక్కులో పెట్టుకుని, వరండాలోంచి వినబడే ఆ "నీ ఇష్టం, నీ ఇష్టం" వింటూ కుళ్లిపోయాను. ఒక పూట డాక్టరు వస్తే "రేపు చెప్తం సార్" అన్నారు. మరుసటి రోజూ అదే మాట. మేనమామను కూడా పిలిపిద్దామన్నారు.

నన్నెవరూ అడగలేదు. అడిగితే భయపడతాననట! నేను భయపడుతూనే ఉన్నానని, నీళ్లు మింగినా భయమేనని, కళ్లు మూస్తే తెరుస్తానో లేదోనని రెప్ప వేయడానికే జంకుతున్నానని వాళ్లకు ఎలా చెప్పను?

మేనమామ రాకముందే డాక్టర్లు ఇద్దరూ కలిసి వచ్చారు. ఒకరు స్టెంట్లు వేసే ఆవిడ, ఇంకొకరు ఆపరేషన్ చేసే పెద్దాయన. ఒకరి మాట ఒకరు తోసేయకుండా, ఇద్దరూ నా మంచం పక్కన నిలబడి చెప్పడం నాకు మొదటి ధైర్యం.

"స్టెంట్ అయితే చేతిలోంచే వేస్తాం. త్వరగా ఇంటికి పోతారు" అంది ఆవిడ. "కానీ మీకు బ్లాకులు చాలా ఉన్నాయి, షుగరుంది. అన్నీ తెరుస్తామని మాట ఇవ్వలేను. తెరిచినవి మళ్లీ మూసుకోవచ్చు. ఇంకో ఎటాక్ వస్తే ఈ గుండె తట్టుకోవడం కష్టం."

"బైపాస్ అయితే మొదటి రోజులే గండం" అన్నాడు పెద్దాయన. "గుండె బలహీనంగా ఉంది కాబట్టి మామూలు వాళ్లకంటే మీకు ప్రమాదం ఎక్కువ. పక్షవాతం భయం కూడా ఉంటుంది. అది దాచను. దాటితే మాత్రం ఎక్కువ కాలం నిలబడుతుంది. మీలాంటి వాళ్లకు మేం అటే మొగ్గుతాం. ఏది చేసినా మందులు జీవితాంతం మానకూడదు."

అందరూ అడిగేదే నేనూ అడిగాను. "సార్, మీ అమ్మకైతే ఏం చేస్తరు?"

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ముందు మా అమ్మను అడుగుతాను, దేనికి ఎక్కువ భయపడుతున్నావని. మీరు దేనికి భయపడుతున్నారమ్మా?"

మా ఆయన ఏదో అనబోయాడు. డాక్టరు చేత్తో ఆగమన్నాడు. అన్ని రోజుల్లో నన్ను ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదలు. ఏడుపు తన్నుకొచ్చింది.

"కోతకు భయమే సార్. మస్తు భయం. బల్ల మీదనే పోతనేమోనని ఉన్నది. కానీ ఆనాడు బోనమెత్తుకున్నప్పుడు ఊపిరాగింది సూడుండ్రి... సుట్టూ అందరున్నరు, ఒక్కలకు తెల్వలే. గట్ల ఇంకోసారి అయితదేమోనని దినాం సచ్చుడు నాతోని కాదు. కోయుండ్రి."

వరండాలో తమ్ముడు గోడకానుకుని ఏడ్చాడు. వాడు గెలిచానని అనుకోలేదు. అంతవరకూ బైపాసే అన్న నోటితో, "అక్కా, జెర ఆలోచించుకోరాదే" అన్నాడు. మా ఆయన మాత్రం నా పాదాల దగ్గర కూర్చుని దుప్పటి సర్దుతూ ఉండిపోయాడు.

బతుకమ్మ రోజులు

ఆపరేషన్‌కు తీసుకుపోయే ముందు అత్తమ్మ వచ్చింది. దిండు కింద వేపాకు పెట్టబోతే నర్సు వద్దంది. ఆ ఆకులు పిడికిట్లో పట్టుకుని అలాగే నిలబడింది.

"ఆనాడు దించనియ్యకుంట చేసింది నేనే బిడ్డా" అంది ఉన్నట్టుండి. "ఆ పొల్ల దించుతనన్నది. నేనే చెయ్యి పట్టుకున్న. అమ్మనే వచ్చిందనుకున్న. అట్ల అనుకోకపోతే నా పానం నిలుస్తలేదు."

నేనేమీ అనలేదు. అనకపోవడం క్షమించడం కాదు. అప్పుడు నాకు అంత ఓపికా లేదు, అంత మంచితనమూ లేదు. ఆమె ముఖాన నెత్తుటి చుక్క లేదు. అది చూసి చేయి చాపాను, పట్టుకుంది. అంతే.

చక్రాల మంచం మీద పోతుంటే పైన లైట్లు ఒక్కొక్కటీ వెనక్కి పోయాయి. దేవుళ్లెవరూ గుర్తుకు రాలేదు. బిడ్డకు ఫోన్ చేయమని చెప్పడం మర్చిపోయానే అనుకున్నాను.

మళ్లీ తెలివి వచ్చినప్పుడు గొంతులో గొట్టం ఉంది. మాట రాదు. చేతులు కట్టేసి ఉన్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ ఎవరికీ ఏమీ చెప్పలేను. ఏది రావొద్దనుకున్నానో అదే వచ్చిందని పైప్రాణాలు పైనే పోయాయి. కాళ్లు కొట్టుకున్నాను. ఒక నర్సు, తెలుగు సరిగ్గా రాని పిల్ల, వచ్చి నా ముఖం మీదికి వంగింది.

"అమ్మా, నాకు తెలుసు. భయం. చెయ్యి నొక్కు. ఒకసారి నొక్కితే అవును. రెండుసార్లు నొక్కితే కాదు."

నేను ఆమె వేళ్లు నొక్కాను. "ఊపిరి కష్టమా?" నొక్కాను. ఏదో మీట తిప్పింది. "ఇప్పుడు?" రెండుసార్లు నొక్కాను. నవ్వింది. నా మాట ఒక మనిషికి అందింది. ఆ పిల్ల పేరు కూడా నాకు తెలియదు. ఇప్పటికీ తలుచుకుంటే దండం పెట్టాలనిపిస్తుంది.

తర్వాతి రోజులు చక్కగా సాగలేదు. గుండె లయ తప్పిందని ఒకసారి అందరూ పరుగెత్తుకొచ్చారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. మా ఆయన అద్దంలోంచి చూసి, నేను చూస్తున్నానని తెలిసి నవ్వేవాడు. అంత చెడ్డ నవ్వు ఎన్నడూ చూడలేదు. దగ్గు వస్తే ఛాతీ రెండుగా విచ్చుకుంటుందేమోనని వణికిపోయేదాన్ని. దిండు ఇచ్చి, గట్టిగా హత్తుకుని దగ్గమన్నారు. కిటికీ బయట ఎక్కడో ఆడవాళ్లు బతుకమ్మ పాటలు పాడుతుంటే నేను దిండు హత్తుకుని, దగ్గు రావొద్దని మొక్కుకుంటూ కూర్చున్నాను.

చలికాలం

ఇంటికి వచ్చేటప్పుడు దారిలో ఉన్న స్పీడ్ బ్రేకర్లన్నీ తిట్టుకున్నాను. చెంబెడు నీళ్లు కూడా ఎత్తొద్దన్నారు. చేతులు పైకి లేవవు కాబట్టి మా ఆయనే నాకు తల దువ్వేవాడు. ఇనుము అతికించే చేతులు కదా, జడ కూడా అంత బిగించి అల్లేవాడు. "వెల్డింగ్ జేస్తున్నవా?" అంటే, "ఊడిపోదు మల్ల" అనేవాడు. నవ్వితే కుట్లు లాగేవి. నవ్వీ, భయపడీ, మళ్లీ నవ్వేదాన్ని.

ఆయన రోజూ నేను నిద్రపోయానా అని చూడటం లేదు, ఊపిరి తీస్తున్నానా అని చూస్తున్నాడని నాకు తెలుసు. అత్తమ్మ ఉప్పు లేని కూరలు వండి ముందు తాను తిని చూసేది. ఆమె నాతో ఎక్కువ మాట్లాడదు. నేను ఒక పక్కకు ఒరిగినా, ఛాతీ మీద చేయి వేసుకున్నా, "ఏమైతుంది? చెప్పు" అంటుంది. ఇంతకుముందైతే విసుక్కునేదాన్ని. ఇప్పుడు నిజంగా ఏమవుతుందో చెబుతున్నాను. గ్యాసైతే గ్యాసని, భయమైతే భయమని.

మొన్న మళ్లీ పరీక్ష చేస్తే పంపింగ్ కొంచెం పెరిగిందన్నారు. కొంచెమే. మామూలు గుండె కాదు, ఇక కాదు కూడా. "సార్, స్టెంట్ వేయించుకుంటే ఎట్లుండేది?" అని అడిగాను. "నడవని దారి ఎట్లుండేదో నేను చూపించలేను తల్లీ" అన్నాడాయన. నాకు అబద్ధం చెప్పనందుకు సంతోషించాను. ఇంటికి పోయాక ఆ మాటకే భయం వేసింది.

ఆ రోజే వెయిటింగ్ హాల్లో నా పక్కన సదాశివపేట నుంచి వచ్చిన జంట కూర్చుంది. ఆమెకు నా వయసే ఉంటుంది. ఆయన కాస్త పెద్ద, మార్కెట్లో పప్పుల దుకాణమట. మాస్కు కిందికి లాగి, నోటితో గాలి తీసుకుంటున్నాడు. నా మెడ దగ్గర కోత గుర్తు చూసి ఆమె నా వైపు జరిగింది.

"అక్కా, నీకు బైపాసేనా? మా ఆయనకు గుండె వీకున్నదట. స్టెంటా, ఆపరేషనా, ఏదో ఒకటి చెప్పుమంటున్నరు. మా మరుదులు స్టెంటంటరు. మా అన్న ఆపరేషనంటడు. ఇద్దరు ఆగమాగం జేస్తున్నరు. నువ్వు చేయించుకున్నవ్ గదా, ఏది మంచిదో నువ్వన్నా చెప్పు. నొప్పి మస్తుంటదా?"

"ఉంటది."

"మల్ల బతుకుతరా?"

ఏం చెప్పను? నాకు మంచిదైంది కదా అని ఆయనకు మంచిదవుతుందని ఎలా చెప్పను? మా ఆయన చెప్పిన కంపెనీ మనిషి, మా తమ్ముడు చెప్పిన పక్క చేను మనిషి, వాళ్ల వరసలోకి ఇప్పుడు నన్ను కూడా లాగుతోంది ఈమె.

"నేనైతే గీడ కూసున్న గదమ్మా" అన్నాను. "నీ భర్తకు ఏదైతదో నాకు తెల్వదు. డాక్టర్లు ఇద్దర్నీ ఒక్క దగ్గర కూసోబెట్టి అడుగుండ్రి. ఆలస్యం మాత్రం చెయ్యకుండ్రి."

ఆమె ఇంకా ఏదో అడుగుతూనే ఉంది. ఆయన మీదుగా, ఆయన అక్కడ లేనట్టే మాట్లాడుతున్నాం ఇద్దరం. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నేల చూస్తున్నాడు. నేను కొంచెం ముందుకు వంగాను.

"అన్నా, మీరేమంటరు?"

ఆయన తల ఎత్తాడు. తననేనా అన్నట్టు భార్య వైపు చూశాడు. మళ్లీ నా వైపు చూశాడు. ఊపిరి తీసుకోవడానికి ఆగి, మెల్లగా అన్నాడు.

"భయమైతుందమ్మా."

ఆమె ఒక్కసారిగా నోట్లో కొంగు కుక్కుకుంది. ఆ మాట ఆయన అంతకుముందు ఇంట్లో ఎవరితోనూ అన్నట్టు లేదు.

"నాకు గూడ అన్నా," అన్నాను. "ఇంకా అయితుంది. దేనికి భయమైతుందో చెప్పుండ్రి, ఆమె వింటది."